ఏడుండావు

శిక్షణ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు అరవిందన్.
మూడు గంటల్లో పదకొండు యాప్‌లు చూపించాడు.
ప్రశ్నలు తయారుచేసేది, మార్కులు కూడేది,
పిల్ల తప్పు చదివితే ఎర్రగా గీత గీసేది.
కొరుక్కుపేట నుంచి పట్టుకెళ్ళిన నోటుబుక్కులో
పదకొండింటి పేర్లూ తెలుగులో రాసుకున్నాను,
చెవికి వినబడ్డట్టే,
స్పెల్లింగు అడగడానికి సిగ్గేసి.
చివర్లో అడిగాడు:
"మీ క్లాసులో ఫోన్లు ఎన్ని టీచర్?"
నలభై ఒక్క మంది, ఆరు ఫోన్లు అన్నాను.
ఆ ఆరూ పగలంతా హార్బర్‌లో ఉంటాయనీ,
చేపల మార్కెట్లో ఉంటాయనీ,
నాయనల జేబుల్లో చెమటకు తడుస్తుంటాయనీ
అనలేదు.
బస్సుకు టైమయింది.

అందుకే నా తరగతి
రాత్రి తొమ్మిదిన్నరకు మొదలవుతుంది.
గిన్నెలు కడిగి, చేతులు పమిటకు తుడుచుకుని
గోడకు ఆనుకుని కూర్చుంటాను.
ఒక్కో ఫోనూ ఇల్లు చేరుతుంది,
ఒక్కో ఫోను చుట్టూ ఆరేడు తలలు.
టింగుమని జీవరత్నం పాఠం,
వెనకాల కుక్కరు కూతతో సహా.
టింగుమని మోషే. దగ్గుతాడు, మళ్ళీ మొదట్నుంచి.
వర్ణమాల చివర బండి ఱ దగ్గర
అందరూ ఆగిపోతారు,
గేటు పడ్డట్టు.

మాట్లాడితే రాసిపెట్టేది ఒకటుంది ఆ పదకొండింట్లో.
సోమవారం బడి ఫోను ముందు మోషేను నిలబెట్టాను.
"ఇంట్లో ఎట్లా మాట్లాడతావో అట్లానే మాట్లాడు."
వాడు గొంతు సవరించుకుని
నిజంగానే వాళ్ళమ్మను పిలిచాడు:
"అమా, ఏడుండావు?"
తెర కాసేపు ఆలోచించి రాసింది:
అమ్మా ఏడు వందలు.
క్లాసంతా ఒకటే గలాటా.
"ఎవరికి టీచర్ ఏడు వందలు?"
"మీ అమ్మ బాకీ రా!"
మోషే నవ్వలేదు.
గట్టిగా చెప్పాడు. ఏడు వందలు.
ఒక్కో అక్షరం విరిచి చెప్పాడు. ఏడు వందలు.

ఇరవై ఆరేళ్ళ కిందట ఈ గదిలోనే
ఒక పిల్ల రాసుకొచ్చిన ఏడుండావు కొట్టేసి
పైన ఎక్కడ ఉన్నావు అని రాసిన ఎర్రపెన్ను
నాదే.
ఈ ఫోనుకు తెలుగు ఎవరు నేర్పారని
ఎవర్నో తిట్టబోయి ఆగాను.

తెర అడుగున, చీమంత అక్షరాల్లో: సరిదిద్దండి.
నా చేతిలో ఎప్పుడూ ఉన్న అధికారం
వాడి వేలి కిందకి వచ్చింది.
ఏ. డుం. డా. వు.
సున్నా ఎక్కడుందో వెతకడానికే పావుగంట.
ఏడాదంతా పలక ముట్టనివాడు
నాలుగక్షరాలు తప్పులేకుండా రాశాడు,
ఫోనుకు బుద్ధి చెప్పడానికి.
"దానికి రేపటికి పదిసార్లు ఇంపోజిషన్ ఇవ్వండి టీచర్,"
అంది జీవరత్నం.
ఇచ్చాం. మర్నాడు కూడా
అది ఏడు వందలే అంది.
మోషే మళ్ళీ దిద్దాడు.
నాకున్నంత విసుగు వాడికి లేదు.

నిన్న రాత్రి, పదకొండూ పది.
మోషే నెంబరు. వాడి గొంతు కాదు.
"టీచరమ్మా, పిల్లోడు పండుకున్నాడు.
నేను వాళ్ళ నాయన్ని.
అ కాడ్నించి వచ్చినాను, వాడు చెప్పిచ్చినాడు.
ఈ ఆఖర్ది ఉంది చూడు, బండి ఱ,
దీన్ని ఎట్ట పలకాల..."
అంతలో గంట.
"ఉండమ్మా, బండి పోనీ."

ఆపై మూడు నిమిషాలు గూడ్సు.
అతను రికార్డింగు ఆపలేదు.
పెట్టె వెనక పెట్టె, ఉప్పో బొగ్గో,
నా చెవిలోంచి వెళ్తూనే ఉంది.
వినే వేగం రెండింతలు చేసుకోవచ్చని
అరవిందన్ చెప్పిన కిటుకు గుర్తుంది.
వేలు దాకా వచ్చింది.
ముట్టుకోలేదు.