పడమటి హద్దు

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదురు రేకుషెడ్డులో
నా ఫోను మోగింది, మస్కట్ నుంచి.
"బాబాయ్, వీలునామా రాయి."
గెడ్డం సువార్త. వెనకాల కుక్కరు విజిలు,
ఎవరి పిల్లాడిదో ఏడుపు.

లంకలో పదకొండు సెంట్లు,
పంతొమ్మిదేళ్ళు ఎవరింటికో వండి కొన్నది.
"మొగుడికి కాదు, తమ్ముళ్ళకి కాదు,
నా పిల్లకి పాలిచ్చిన రాహేలు వదినకి."

'నా పూర్ణ స్పృహతో' అని మొదలెట్టి
చెక్కుబందీకి వచ్చాను:
తూర్పు పుంత. ఉత్తరం బోదె.
దక్షిణం కాసు వారి కొబ్బర్లు.
పడమర గోదావరి.

సాక్షులూ ఎంబసీ ముద్రా పడి
కాగితం తిరిగొచ్చేసరికి రెండు వరదలు.
కొలవబోతే
ఏడు సెంట్లకే టేపు తడిసింది.

చెప్పాను. అవతల విజిలు కూడా ఆగింది.

"హద్దులు దిద్దకు బాబాయ్.
పడమర ఇంకా గోదారే కదా."