ఆరు ఇంచులు

రామగిరి సందులో కాజా భాయి టైలర్ షాపు.
ఆదివారం షట్టర్ సగమే లేస్తది.
నడుం వంచి లోపలికి పోతం, నలుగురం.
కత్తిరింపుల బల్ల మీది పీలికలు పక్కకు నూకి
ఎరువుల కంపెనీ పాత క్యాలెండర్లు బోర్లేసి
వెనక తెలుపు మీద మనుషులను గీస్తం.

నల్లగొండ గోడల మీద అక్షరాలు రాసి బతికినోన్ని నేను.
ఫ్లెక్సీలొచ్చి నా బ్రష్షులు డబ్బాలోనే బిర్రబిగిసినంక
పెన్సిల్ పట్టిన.
అక్షరం కదలదు. మనిషి కదలకున్నా కదుల్తడు.
ఆ సంగతి చేతికెక్కనీకి ఏడాది పట్టింది.

వంతుకొకరం స్టూలు మీద కూసుంటం.
ఎల్లేశు మెడ మాత్రం నిలువదు,
ఆటో అద్దంలో ఎనకకు చూసుకునే అలవాటు.
వాన్ని గీసిన ప్రతి కాగితంలో రెండు ముక్కులు.

మొదటి బొమ్మ చూపెట్టిననాడు
కాజా భాయి కండ్లద్దాలు నొసటి మీదికెత్తి అన్నడు:
"మనిషేడున్నడు తమ్మీ?
ఇది హ్యాంగరుకు తగిలేసిన అంగీ."
నర్సింగు చదివే సువార్త ఏమనలే,
నా చెయ్యి పట్టి
నా మోచేతినే నా నడుముకు ఆనిచ్చింది.
"ఈడికొస్తది. చూడకు, ముట్టు."
ఎల్లేశు చాయ్ ఊదుకుంట:
"నాకు బొమ్మలు తెల్వయ్ గానీ
వీడు నా ఆటో ఎక్కితే మొదటి మలుపుకే పడ్తడు."

నవ్విన. ఇంటికి పోయినంక నవ్వలే.
రెండు ఆదివారాలు అటుదిక్కు పోలే.
బస్టాండ్‌ల కూసొని, దేవరకొండ బస్సు కోసం నిలవడ్డోళ్లను గీసి,
ఒక్కొక్కని కాళ్ల కింద అడ్డగీత పెట్టి చూసుకున్న.
నిజమే.
అందరూ పడిపోయెటట్టే ఉన్నరు.

మూడో ఆదివారం మళ్ల షట్టర్ కింద వంగిన.
ఏమాయె ఇన్నొద్దులు అని ఎవ్వరూ అడగలే.
సువార్త తన రబ్బరు పండ్లతోని కొరికి
సగం నాకిచ్చింది.

ఆ పొద్దే బక్కయ్య వచ్చిండు,
మర్రిగూడ దిక్కు నుంచి, అంగీ కొలతకు.
యాభై ఏండ్లు బోరునీళ్లు తాగిన నడుము.
నేలను చదువుకుంట నడుస్తడు.
"గంటసేపు కూసుంటవా పెద్దాయనా?"
"కూసునుడు తప్ప నాకేం పనున్నది బిడ్డా."

గీసిన.
పుస్తకంలో కొలత యాదికున్నది:
తలకాయ ఒకటి, ఒళ్లు ఏడు తలకాయలు.
సీదాగ గీసిన.
మర్యాద అనుకున్న.

గోడకు ఆనిచ్చినం. ఎవ్వరూ మాట్లాడలే,
పైన ఫ్యాను ఒక్కటే టకటక.
కాజా భాయి మెడలోని టేపు తీసి
ముసలాయన వీపున పట్టిండు, ముందట పట్టిండు.
"ఎనక ముప్పై రెండు. ముందట ఇరవై ఆరు.
ఆరు ఇంచులు ఏడ దాచినవ్?"

బక్కయ్య మెడ లేవలే, కండ్లే లేచినయి.
బొమ్మను నిదానంగ చూసిండు.
"ఎవలు బిడ్డా ఈయన? మంచిగున్నడు.
నా అంగీ మాత్రం ఈయనకు రాదు."

రబ్బరు పెట్టలే. జూన్ నెల బోర్లేసిన.
ఈసారి తలకాయతోని మొదలువెట్టలే,
వెన్నుతోని.
సువార్త ఎనక నిలవడి ఒక్కొక్క పూస పేరు చెప్తుంటే
గీత వంగింది, ఇంకా వంగింది,
నా చెయ్యి ఇగ చాలు అన్నా వంగింది.
కాగితం అవతలి తారీఖులు
ఆయన వీపులో నుంచి సన్నగ కనవడ్డయి.
నన్ను చూడనీకి కనుబొమ్మ ఎంత మోయాల్నో
అప్పుడు తెలిసింది.
స్టూలుకు మొదటిసారి బరువు తెలిసింది.

ఎల్లేశు శానసేపు చూసిండు.
"ఎక్కించుకుంట," అన్నడు.
"చెవి కిందికైంది," అన్నది సువార్త.

అయింది.
మళ్ల చూసి దిద్దుదామని తిరిగేసరికి
బక్కయ్య కట్టె పట్టుకొని లేచిండు.
మేమందరం వంగి దాటే షట్టర్
ఆయన ఎట్లున్నోడు అట్లనే దాటిపోయిండు.