కనబడటం లేదు

బెల్మిరో బూట్లు తలుపు బయటే ఆగిపోయాయి.
ముక్కుల్లో ఇనుప రేకు, అయస్కాంతం ఒప్పుకోదు.
జుల్మీరా వాటిని బల్ల కిందికి నెట్టింది.
నేల మీద రెండు తెల్లటి అంచులు మిగిలాయి,
అవేరో మడుల ఉప్పు.

నేను పక్క గదిలో, చీకట్లో.
ఇరవై రెండేళ్లుగా నా కొలువిది:
మనుషుల్ని పొరలు పొరలుగా, మొహాలు లేకుండా చదవడం.

ఎడమ తెర మీద మార్చి.
పేగు చివర నుంచి ఏడు సెంటీమీటర్ల ఎగువన
గోడని కొరుక్కుంటూ బూడిదరంగు ముద్ద,
నానిన రొట్టెలా ఉబ్బి
పక్కనున్న కొవ్వులోకి వేలు పెట్టి చూస్తోంది.
ఆ తర్వాత ఇరవై ఎనిమిది పూటల కిరణాలు,
పొద్దునా రాత్రీ మాత్రలు,
అరచేతులు పగిలి పార పట్టుకోలేని ఏప్రిల్.

కుడి తెర మీద జూలై.
ముద్ద ఉన్నచోట సన్నటి నల్ల గీత.

మా విద్యలో నలుపే శుభం.
నలుపంటే మచ్చ, మానిన పుండు.
బూడిదరంగుకే భయపడతాం.
ఐదు మెట్ల కొలతలో ఇది ఒకటో మెట్టు,
లేదా రెండోది.
ఆ 'లేదా' దగ్గర నా కాఫీ చల్లారిపోయింది.

మరో వరుస తిప్పాను,
ఒంట్లో నీటి కదలికని పట్టే వరుస.
బతికున్న కణాల రద్దీలో ఇరుక్కుంటే
నీరు కదల్లేక మెరుస్తుంది.

మెరిసింది.
ఆవగింజంత.

కాస్త పైన పేగులో గాలి బుడగ ఉంది.
గాలి కూడా అచ్చం ఇలాగే అబద్ధమాడుతుంది.
"బోర్లా పడుకోబెట్టి మళ్లీ తియ్యి," అన్నాను.
"ఇంకో పావుగంట ఉండగలడా?"
"పొద్దంతా మోకాలి లోతు నీళ్లలో నిలబడే మనిషండీ,"
అంది జుల్మీరా, నాకే బుద్ధి చెబుతున్నట్టు.

బుడగ జరిగింది.
ఆవగింజా దాని వెంటే పోయింది.

'గడ్డ లేదు' అని టైపు చేశాను.
చెరిపేశాను.
'గడ్డ కనబడటం లేదు' అని రాశాను.
ఆ ఒక్క మాట తేడాలో
పొడుగాటి పొట్టకోత ఉంది,
బతికినంతకాలం నడుముకి వేలాడే సంచి ఉంది.
నేను పొరబడితే, ఇంకా చాలా ఉంది.

కితేరియా డాక్టరు గొట్టంతో చూసింది, వేలితో తడిమింది.
చదునుగా, తెల్లగా ఉందట.
నా నలుపు ఆమె కంటికి తెలుపు.
ఇద్దరం ఒకటే మాటనుకున్నాం:
కత్తి వద్దు, మూడు నెలలకోసారి చూద్దాం.

ఎప్పుడూ లేనిది, చీకటి గది దాటి వచ్చాను.
ఎండకి ముడతలు పడ్డ మెడ,
తెరల మీద నేనెప్పుడూ చూడని భాగం.
"పోయిందా?" అన్నాడు.
"కనబడటం లేదు," అన్నాను.

ఆలోచించాడు.
"ఉప్పు పట్టే ముందు మాకూ ఏమీ కనబడదు.
ఉత్తరపు గాలీ, ఉత్త నీళ్లూ అంతే.
తొందరపడి పార దింపితే అడుగు బురద లేస్తుంది,
పంటంతా నాశనం.
చూస్తూ ఉండటం నాకు కొత్త కాదు."
ఆగాడు.
"కాకపోతే డాక్టరమ్మా,
మాకు ఏమీ కనబడటం లేదంటే
ఉప్పు వస్తోందని లెక్క."

నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.

అక్టోబరు పద్నాలుగున రమ్మన్నాం.
అప్పటికి మడుల్ని నీటికి వదిలేస్తారట.
చీటీ మడిచి టోపీలో పెట్టుకుని
వంగి, తనే, బూట్లు తొడుక్కుని వెళ్లాడు.

జుల్మీరా తడిగుడ్డతో నేల తుడిచింది.
ఒక అంచు పోయింది.
రెండోది
ఆరాక మళ్లీ తేలింది.