రెండు సుళ్ళు

కాగితం మీద గుర్రం మొహం ముందే అచ్చేసి ఉంటుంది,
గీతలే, లోపల ఏమీ ఉండదు.
తెల్ల మచ్చకు ఎర్ర సిరా.
సుడికి నల్ల సిరాతో ఇంటూ గుర్తు.
పందొమ్మిదేళ్ళుగా ఇదే నా ఉద్యోగం
బెంగళూరు రేస్‌కోర్సు లాయాల్లో, ఉదయం ఐదింటికి,
చలికి మొరాయించే పెన్నును
చంకలో పెట్టి కాచుకుంటూ.

గుణం రాయడానికి గడి లేదు.
"మొగం మిందనే ఉండాది గదా సామీ, మళ్ళా గడెందుకు?"
అంటాడు దస్తగిరి. కదిరి మనిషి.
నలభై ఏళ్ళు గుర్రాల చెమట తుడిచిన చెయ్యి
గాల్లోనే ఒక మొహాన్ని తడుముతుంది:
"కండ్ల నడుమ ఉబ్బుంటే మొండిది.
గద్దముక్కుదానికి బయం తెల్దు.
పందికన్నుదాని ఎనక నిలబడాకు."
అతని ఎడమచేతి ఉంగరపు వేలు కొరికేసినదానికి మాత్రం
పటం కట్టించుకోవాలనిపించే మొహమట.
ఆ సంగతి శాస్త్రంలో కలపడు.

కాగితాల్లో రాయల్ వర్డిక్ట్. మాకు చిట్టెమ్మ.
నుదుటి మీద రెండు సుళ్ళు, ఒకదాని కింద ఒకటి.
రెండు సుళ్ళంటే రెండు బుద్ధులన్నాడు.
నిజమే కావచ్చు.
రోడ్డు మీద బస్సులన్నీ ఒక్కసారి హారన్ కొట్టినా
చెవి కదపదు,
నీలం ప్లాస్టిక్ బకెట్ చూస్తే నాలుగు కాళ్ళూ వణికేవి.

నాకూ రెండే.
చిన్నప్పుడు మదనపల్లెలో మంగలి ఓబులేసు
నా నెత్తిన నీళ్ళు చిలకరించి
రెండు పెళ్ళిళ్ళని తేల్చేశాడు.
నలభై ఆరు నిండాయి.
మొదటిదానికే ఇంకా ముహూర్తం కుదరలేదు.

చిట్టెమ్మ వరసగా ఏడు పందేలు ఓడింది.
సుడి బాగాలేదన్నాడు యజమాని,
సుడుల గురించి ఏమీ తెలియకుండానే.
మైసూరు దగ్గర ఎక్కడో
పిల్లలకు స్వారీ నేర్పేవాళ్ళు అడుగుతున్నారన్నారు.

ఆ రాత్రి దస్తగిరి నా పెన్ను పట్టుకున్నాడు.
"కింద సుడి రాయొద్దు సామీ.
పిల్లోల్లు ఎక్కేది. రెండని తెలిస్తే కొనరు."
కొనకపోతే? అన్నాను.
గడ్డి దులుపుతూ ఉండిపోయాడు.
దులపడానికి అక్కడ గడ్డి లేదు.

ఒకటే రాస్తే అది చిట్టెమ్మ కాదు,
ఇంకెవరి గుర్రమో అవుతుంది.
రెండు గుర్తులూ పెట్టాను.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
సిద్ధప్ప బండి దగ్గర టీ కూడా
నాకు వీపు పెట్టి తాగాడు.

పూవమ్మగారు వచ్చారు, బురద బూట్లతో.
దస్తగిరి అప్పటికే కొబ్బరినూనె రాసి
జూలు నుదుటి మీదికి దువ్వేశాడు,
పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు.
ఆవిడ ఒక్కో గిట్టా ఎత్తి చూసింది.
పళ్ళు చూసింది. మోకాళ్ళు నొక్కింది.
నా కాగితం మడిచి సంచిలో వేసుకుంది.
మొహం వైపు చూడనే లేదు.
వెళ్ళబోతూ అడిగింది,
పిల్లలంటే పడుతుందా అని.

ఇంత శాస్త్రం తెలిసినవాడు
"తెల్దమ్మా" అన్నాడు.
నేను అతని నోట ఆ మాట వినడం అదే మొదలు.
ఆవిడ కాసేపు అతన్నే చూసి
డబ్బు లెక్కపెట్టింది.

లారీ పలక మీద చిట్టెమ్మ అరగంట మొండికేసింది.
ఇక లాభం లేదని మేం తాడు వదిలేసి నిలబడితే
తనంతట తనే ఎక్కింది.
ఏ సుడి ఎక్కించిందో.

నా దగ్గర కార్బన్ కాపీ ఉంది.
ఖాళీ మొహం, రెండు గుర్తులు.
ఆ రెంటి మధ్య అరచెయ్యి ఆనించినప్పుడల్లా
కళ్ళు సగం మూసుకునేది.
దానికి ఏ రంగు సిరా వాడాలో
ఎవరూ చెప్పలేదు.

మర్నాడు దస్తగిరి రెండు టీలు తెచ్చాడు.
"తల వంచు సామీ" అని
వేలు లేని చెయ్యి నా నడినెత్తిన పెట్టి
చాలాసేపు చూశాడు.
ఏం కనబడిందని అడగలేదు.
పక్క లాయంలో కొత్తది
తలుపు తన్నుతోంది.