పసుపు పిడి

నాదర్‌గుల్‌ రన్‌వే మీద ఎండ ఇంకా పడలేదు.
జాఫర్ సాబ్ నా ఎడమచేతిని తీసి
పసుపు పిడి మీద పెట్టారు.
"లాగుడు ఇంజిన్ చూసుకుంటది.
నువ్వు వదులుడు నేర్చుకో."

వెనక, యాభై మీటర్ల తాడు చివర
నళినాక్షి గారి గ్లైడర్.
కావాలనే పక్కకు జరుగుతారు, తాడు వదులు చేస్తారు,
నా పాఠం కోసం.
అద్దంలో అరచేతంత తెల్లటి రెక్క.

ఎనిమిది వందల అడుగులు. కింద
గుండ్రాళ్ల గుట్టలు, ప్లాట్ల హద్దురాళ్లు,
పక్కనే ఓ గద్ద, ఎవరి తాడూ లేకుండా.
దాన్ని చూశాను. ఒక్క క్షణం.

అద్దం ఖాళీ.
తోక లేచింది. ముక్కు నేలకేసి వాలింది.
స్టిక్ కడుపులోకి లాగినా లేవదు.
నా చేయి పిడి మీదే బిగుసుకుపోయింది:
వదిలితే ఆమె ఏమవుతుంది?

నా వేళ్ల మీద ఆయన వేళ్లు. టక్.

ఆమెకేమవుతుంది? హాయిగా ఒక చుట్టు తిరిగి
మాకంటే మెత్తగా దిగారు.

హ్యాంగర్ నీడలో, ఫ్లాస్కు మూతలో చాయ్.
అది పరీక్షో నిజమో
ఇద్దరూ చెప్పలేదు.
"తాడు చుట్టు" అన్నారు సాబ్.
చుట్టాను. గడ్డి తడికి మెలిపడిన చోటల్లా
వేలితో తడిమి, విప్పి,
మళ్లీ.