లెక్క

కుహ్మోలో, సెప్టెంబరు చివర, ప్లాను పరిచి అడిగాను:
"ఇంట్లో ఎంతమంది?"
"నలుగురం," అంది సాయిమి.
"మరి కుక్కో?" అన్నాడు చిన్నాడు, ఒస్కు.
కుక్కకి ముప్పై వేశాను.
ఊరికే కూర్చున్న మనిషి నా లెక్కలో
ఎనభై వాట్ల పొయ్యి.

గోడలో జానా బెత్తెడు చెక్కపీచు,
ఎండ కోసం దక్షిణాన మూడు కిటికీలు,
ఉత్తరాన ఒక్కటే, బడిపలకంత.
యోర్మాకి అది చాల్లేదు. "సరస్సు కనపడొద్దూ?"
"చూపుతో పాటే వేడీ పోతుంది," అన్నాను.
గొప్పగా అన్నాననుకున్నాను కూడా.

నవంబరులో సాయిమి ఫోను.
సరస్సు మీద మంచు ఇంకా పలచగానే ఉందట.
అంతవరకే చెప్పింది. కాసేపాగి,
"ముగ్గురికి మార్చండి."

ఎనభై కొట్టేశాను.
అంకె గీత దాటి ఎర్రబడింది.
గోడకి రెండంగుళాలు కలిపితే సర్దుకుంది,
అంకె.
ఉత్తరపు కిటికీ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మరుసటి అక్టోబరు, గాలి పరీక్ష.
తలుపుకి ఫ్యాను బిగించి
మూలమూలకీ పొగపుల్ల పట్టుకు తిరిగాను.
ఎక్కడా పొగ వంగలేదు.
ఒస్కు ఆ చిన్న కిటికీకి ముక్కు ఆనించి
ఊపిరి ఊది, మసక మీద
వేలితో ఏవో గీస్తున్నాడు.
లెక్కపెట్టాను.
కుక్కతో కలిపి ఐదు.