కొర్లయ్యకు ఏడ తినిపియ్యాలె

పదకొండేండ్ల సంది కొర్లయ్య అంటే ఫోన్ల గొంతే.
విశాఖ రేవు గేటు కాడ ఆయన డబ్బా నంబరు చదువుతడు,
సనత్‌నగర్ డిపోల నేను రాసుకుంట.
నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు, ఆఖర్ల సీలు.
నడుమ ఎప్పుడన్న "తిన్నారేటి?" అంటడు.
గంతే మా సోపతి.

మొన్న కంటి ఆపరేషన్‌కని వచ్చిండు.
ఎడమ కంటి మీద దూది, దూది మీద ఆకుపచ్చ గుడ్డ,
చేతిల సంచి, సంచిల నాకోసం ఎండు నెత్తళ్లు.
"మీ ఊరు సూడ్డానికి ఒక కన్నే మిగిలింది బాబూ,
నోరు మాత్రం మొత్తం ఉంది.
ఎక్కడికి తీసుకెల్తావో తీసుకెల్లు."

రాత్రంత నిద్ర లేదు.
బిర్యానికి పాతబస్తీ పోదమంటే దుమ్ము,
దుమ్ము పడొద్దన్నడు డాక్టరు.
అద్దాల హోటల్ల దుమ్ముండది,
ఆడ నెలాఖరుకు నా జీతం కూడ ఉండది.
చేపలా?
సముద్రం ఒడ్డున పుట్టినోనికి
రాంనగర్ ఐసుగడ్డల కింద నిద్రపోతున్న చేపను చూపెట్టి
ఇది చేప అని ఎట్ల చెప్పాలె?

పొద్దుగాల నాంపల్లి గల్లీల ఇరానీ హోటల్.
పాలరాయి బల్ల, ఒక కాలు కింద అగ్గిపెట్టె మడత.
తల వంచొద్దు గద,
సాసరే లేచి ఆయన మూతి కాడికి పోయింది.
ఒక్క గుక్క. ఇంకో గుక్క.
"ఇది టీ కాదు. దారి తప్పిన పాయసం."
ఇరానోల్లు ఎలా వచ్చినారని అడిగిండు.
ఓడల మీద అన్న.
ఏ రేవులో దిగినారు?
బొంబాయి అంటరు.
పెదవి విరిచిండు,
తన గేటు దాటకుండ లోపలికొచ్చిన సరుకు లెక్క.

పగటీలి మెట్రో పిల్లర్ నీడల మాణెమ్మ బండి.
జొన్నరొట్టె, బోటి కూర, నంజుకోను ఉల్లిగడ్డ.
ఆయన తినుడు ఆపి చెవి ఒగ్గిండు.
మాణెమ్మ అరచేతులు రొట్టెను కొడుతున్నయి,
తప్ తప్ తప్.
"తెడ్డు నీల్ల మీద పడినట్టుంది" అన్నడు,
"మా అయ్య తెల్లారగట్ల పడవ తోసినప్పుడు."
మాణెమ్మకు గవన్ని తెల్వయి.
సముద్రమెట్లుంటదో ఆమె చూడలే.
ఇంకో రొట్టె ఏసి పైసలు తీసుకోలే.

రాత్రి పదకొండింటికి ఆకలి లేదనుకుంటనే
అంజిలప్ప దోశబండి కాడ ఆగినం.
వెన్న చుయ్యిమంది.
కొర్లయ్య దోశ అంచు విరిచి వాసన చూసిండు,
గేటు కాడ కాయితం చూసినట్టు.
"మినుములెక్కడివి?"
"బేగంబజార్‌వి సారు."
"అంతకు ముందు?"
అంజిలప్ప నవ్వి,
పొయ్యి కింద గాలికి అడ్డం పెట్టిన గోనెసంచి చూపెట్టిండు.
మసి తుడిచి నేనే చదివిన. బర్మా.
నెల కూడ ఉన్నది, మార్చి.

ఉన్న ఒక్క కన్ను మూసుకున్నడు.
రోడ్డు మీద లారీలు పోతున్నయి,
ఆయన పెదవులు కదులుతున్నయి.
నాలుగు అక్షరాలు. ఏడు అంకెలు.
వెన్న చేతులతోనే నేను జేబుల పెన్ను వెతుకుతున్న.
"వర్సంలో వచ్చిందది. తడిసిపోతాదని గేటు కాడ కొట్లాడినాను.
మీకాడికి సీలు బాగానే వచ్చిందా?"
బాగనే వచ్చిందన్న.
నిజం జెప్పాలంటే యాదికి లేదు.
"అయితే ఇంకోటెయ్యమను."

తెల్లారి సాయంత్రం గోదావరి ఎక్కిచ్చిన.
ఉస్మానియా బిస్కెట్ల డబ్బా ఒళ్లె పెట్టుకోని
కిటికి కాడ కూసున్నడు, గుడ్డ కన్ను నా దిక్కు.
చెయ్యి ఊపితే కనబడలేదేమో.

ఇంట్ల నెత్తళ్లు ఏంచితే
పైన మూడో అంతస్తు దాక కిటికీలు మూసుకున్నయి.
మా పిల్లగాడు ముక్కు పట్టుకోనే నాలుగు తిన్నడు.

సోమవారం ఫోన్ మోగింది.
నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు,
అటెన్క చిన్న దగ్గు.
"తిన్నారేటి?"
నెత్తళ్లు, అన్న.
"బిస్కెట్లు అయిపోనాయి" అన్నడు ఆయన.
ఫోన్ పెట్టేసినంక చూసుకుంటే
సీలు నంబరు
ఆయన చెప్పలే, నేను అడగలే.